చేటెడు తవుడు

కామమ్మ ముందు పెట్టిన కాఫీ చల్లారిపోయింది. ప్రేమలీల గ్లాసు లోపలికి తీసుకుపోయి, వేడిచేసి, మళ్లీ తెచ్చి పెట్టింది. అదీ చల్లారింది.

మైపాడు నుంచి మొదటి బస్సులో, చేపల గంపలవాళ్ల మధ్య నిలబడి వచ్చిన మనిషి. దిగింది మొదలు జకరయ్య ఇంటి మెట్ల మీదే కూచుని ఉంది. పక్కన ఆమె గంప, పైన గుడ్డ కప్పి. అరవలేదు, ఏడవలేదు. ప్రహరీకి అవతల ఉన్న పిల్లల హోము వైపు చూస్తోంది, అంతే.

వచ్చినప్పుడు ఒకే ఒక్క మాట అంది. "ఆ బిడ్డను పంపబాకండి నర్సమ్మా."

ఎందుకని ప్రేమలీల అడిగింది. కామమ్మ గంప మీది గుడ్డ సర్దుకుంది.

లోపల ప్రేమలీల భర్త జకరయ్య రేకుపెట్టెల మీద పేర్లు అతికిస్తున్నాడు. తుఫానులో అందరూ పోయి ఒంటరిగా మిగిలిన పిల్లల కోసం మిషను వాళ్లు నెల్లూరులో పెట్టిన హోముకు అతనే వార్డెను. మధ్యాహ్నం మద్రాసు నుంచి కారు వస్తుంది. నలుగురు పిల్లలు ఎక్కుతారు. రేపు మీనంబాకంలో విమానం. ఆపైన స్వీడన్. అక్కడ దత్తత తీసుకునే నాలుగిళ్లలో మంచాలు కొని, పక్కలు పరిచి, ఈ పిల్లల ఫొటోలు గోడలకు తగిలించుకుని ఎదురుచూస్తున్నారు.

నాలుగో పెట్టె మీద పేరు లిల్లీ. కామమ్మ పంపవద్దన్నది ఆ పిల్లనే.

"ఆమెను పొమ్మన్నావా?" జకరయ్య తల ఎత్తకుండా అడిగాడు.

"ఎక్కడికి పొమ్మనేది?"

"వచ్చిన చోటికి."

"అక్కడ ఇల్లు లేదండీ. మొగుడు మాలకొండయ్య పడవతో సహా పోయాడు. తాటాకులు వాల్చుకుని దాని కింద ఉంటోందంట."

జకరయ్య జిగురు బుడ్డి మూత పెట్టాడు. అతనికి కోపం వస్తే ఎడమ ముక్కుపుటం మీదున్న చిన్న గుంటను వేలితో రుద్దుకుంటాడు. ఇప్పుడూ రుద్దుకున్నాడు. తర్వాత నెమ్మదిగానే మాట్లాడాడు. కోర్టులో అంతా అయిపోయింది. జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు. పాస్‌పోర్టు వచ్చింది. ఆ పాపకు ఎవరూ లేరన్నది తను ఊహించి చెప్పింది కాదు. ప్రేమలీల స్వయంగా అడిగి తెలుసుకున్నది.

నిజమే. ప్రేమలీల మిషను ఆస్పత్రిలో నర్సు. తుఫాను వెలిసిన మర్నాడు మైపాడు బడిలో పెట్టిన శిబిరంలో చాప చాప దగ్గరా వంగి అడిగింది. ఒక చాప మీద కామమ్మ జ్వరంతో పడి ఉంది. ఆమె కొంగు పట్టుకుని నాలుగైదేళ్ల ఆడపిల్ల.

ఈ పాప ఎవరి బిడ్డ అని అడిగితే కామమ్మ మొహం పక్కకు తిప్పుకుని చెప్పింది. "ఎవరి బిడ్డో. కుప్పలో దొరికింది."

పిల్లను అడిగింది. పిల్ల తడుముకోకుండా చెప్పింది. "అంకాలమ్మ బిడ్డని. కుప్పలో దొరికినా."

అంకాలమ్మ ఎక్కడ అని చుట్టూ ఉన్నవాళ్లను అడిగింది. సముద్రంలో పోయిందన్నారు. మరి ఈ పిల్లకు ఇంకెవరైనా ఉన్నారా అంటే ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ సాయంత్రమే కామమ్మను జ్వరాల ఆస్పత్రికి, పిల్లను హోముకు చేర్చారు. గుడిసెలు లేచేదాకా పిల్లల్ని ఉంచుకుని మళ్లీ ఇస్తారని కామమ్మ అనుకుంది. విమానం మాట ఆమెకు తెలిసింది నిన్ననే, నెల్లూరులో చేపలమ్మి వచ్చినవాళ్ల నోట.

"ఇంకెట్లా అడగాలి చెప్పు?" అన్నాడు జకరయ్య. "సరే, నేనూ అడుగుతాను. నువ్వు వింటూ ఉండు."

అతను చెడ్డవాడు కాడు. వెళ్లి, మెట్ల మీద ఆమెకు కాస్త ఎడంగా తనూ కూచున్నాడు. పెద్ద గొంతు చెయ్యలేదు.

"చూడమ్మా. ఆ పాప నీ బిడ్డయితే చెప్పు. అవునన్నావంటే ఈ కారును నేనే వెనక్కి పంపుతాను. జడ్జిగారి ముందర చేతులు కట్టుకుని నిలబడతాను. నీ బిడ్డేనా?"

కామమ్మ పెదవులు కదిలాయి. కాలి బొటనవేలితో మెట్టు మీది మట్టిని గీసింది.

"నేనెట్ట చెప్పేదయ్యా," అంది చివరికి.

"అవునా, కాదా. అంతే కదా."

ఆమె మళ్లీ హోము వైపు తిరిగింది. జకరయ్య లేచి పంచె దులుపుకుని లోపలికి వచ్చాడు.

"విన్నావు గదా?"

ప్రేమలీల విన్నది. ఆమె మొహం కూడా చూసింది. కాదనేవాళ్ల మొహం అట్లా ఉండదు. ఆ మాటే అంది.

"మొహాలు చూసి ఆర్డర్లు మారవు లీలా," అన్నాడు జకరయ్య. "ఇప్పుడు ఏదో ఒకటి రేగిందంటే ఆగేది లిల్లీ ఒక్కటే కాదు. తల్లి ఉన్న బిడ్డను పంపబోయారని పేరొస్తే మిగతా ముగ్గుర్నీ ఎక్కనివ్వరు. ఆ ముగ్గురికీ నిజంగా ఎవరూ లేరు. హెబ్రోనుగాడు ఆ స్వీడన్ నాన్న ఫొటో తలగడ కింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. వాడికేం చెబుతావు?"

ప్రేమలీల పిల్లలకు కొత్తగా వచ్చిన ఉన్ని మేజోళ్లను జతలు జతలుగా మడతపెట్టసాగింది. నెల్లూరు ఎండకు వాటిని ముట్టుకుంటేనే చేతులు చెమర్చాయి.

పెరట్లో బర్రెకు కుడితి కలుపుతున్న జకరయ్య తల్లి ఏసుమణి ఇదంతా వింటూనే ఉంది. చెవులు మందమని ఆమె అందరికీ చెప్పుకుంటుంది. అవసరమైనవి ఎప్పుడూ వినబడతాయి.

"లీలమ్మా. ఆ పిల్లకు మీరు లిల్లీ అని పెట్టకముందు పేరేంది?"

"కుప్పి అని చెప్పింది అత్తయ్యా. మొరటుగా ఉందని మార్చాము."

తవుడు పిసుకుతున్న ముసలిదాని చెయ్యి కుడితి తొట్లోనే ఆగిపోయింది.

"కుప్పమ్మ," అంది. "ఆ పేరు విని కూడా నీకు తట్టలా?"

"ఏం తట్టాలి?"

"నీకేం తెలుస్తుందిలే. పాదిరిగారి ఇంట్లో పుట్టినదానివి, ఆస్పత్రి కాంపౌండులో పెరిగినదానివి." ఏసుమణి చెయ్యి కడుక్కుంది. "వీడికి తెలవాలి. వీడూ మరిచిపోయినాడు."

ఆమె ఇంటి పక్కగా నడిచి ముందు మెట్ల దగ్గరికి పోయి, కామమ్మకు ఆనుకుని కూచుంది. చల్లారిన కాఫీ తీసి తనే తాగేసింది. అప్పుడు అడిగింది.

"ముందు ఎంతమంది పోయినారు బిడ్డా?"

కామమ్మ తిరిగి చూసింది. ఈ ఊళ్లో తనకు తెలిసిన భాష మాట్లాడే మనిషి దొరికినట్టుగా చూసింది.

"ముగ్గురు అవ్వా."

"దీన్ని దేనికిచ్చినావు అంకాలమ్మకు?"

"చేటెడు తవుడుకు."

గుమ్మంలో నిలబడ్డ ప్రేమలీల మెట్ల మీదికి వచ్చింది.

పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే తల్లులు చేసే పని అది. నాలుగోసారి కన్నప్పుడు కామమ్మ ఆ పసిగుడ్డును గుడిసె వెనక పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పక్కింటి అంకాలమ్మ దారినపోతూ చూసినట్టు చూసి, ఎత్తుకుని, చేటెడు తవుడు ఇచ్చి కొనుక్కుంది. అప్పట్నుంచీ పిల్ల అంకాలమ్మది. కామమ్మ పాలిచ్చింది, పక్కలో వేసుకుంది, పెంచింది. నా బిడ్డ అని మాత్రం ఒక్కసారీ అనలేదు. ఊళ్లో ఎవరూ అననివ్వలేదు. పిల్లకు కూడా అట్లాగే నేర్పారు. ఆ తల్లి కన్న బిడ్డ కోసం వెతుక్కుంటూ వచ్చే చావు, ఇది వేరే ఎవరి బిడ్డో అనుకుని గడప ముందు నుంచే వెళ్లిపోవాలి.

అంతకుముందు ముగ్గురినీ వాళ్లు పుట్టిన రోజే ఆమె నా బిడ్డ అంది. ముగ్గురికీ జ్వరమే వచ్చింది.

"మరి శిబిరంలో అయినా నాకు చెప్పొచ్చు కదా కామమ్మా," అంది ప్రేమలీల.

కామమ్మ ఆమె వైపు నేరుగా చూడటం అదే మొదలు.

"తుఫాను రాత్రంతా అందరి బిడ్డల్నీ లాక్కపోయింది గదమ్మా. తెల్లారినాక నువ్వొచ్చినావు. తెల్లచీర కట్టుకోని, చాప చాప దగ్గరా వంగి, ఇది ఎవరి బిడ్డ, అది ఎవరి బిడ్డ అని అడగతా ఉండావు. నువ్వెవరో నాకేం తెలుసు. నాదని ఎట్ట చెప్పేది?"

ప్రేమలీల తన చీర వైపు చూసుకుంది. ఇవాళ కట్టుకున్నదీ ఆస్పత్రి చీరే.

జకరయ్య గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. అంతా విన్నాడని మొహమే చెబుతోంది.

"అయితే ఇంకేముంది. కారు రాగానే, పిల్లల్ని తీసుకుపోయే దొరసానిగారికి ఆ ముక్కే చెప్పమను. ఆమెకు తెలుగొచ్చు. నా బిడ్డ అని ఒక్క మాట. తక్కినది నేను చూసుకుంటాను."

"చెప్పదు," అంది ఏసుమణి. "మళ్లీ తవుడు పోసి కొనుక్కోందే చెప్పకూడదు."

"అంకాలమ్మ చచ్చిపోయింది కదమ్మా."

"ఇప్పుడు పిల్ల ఎవరి చేతిలో ఉండాదో వాళ్లు అమ్మాల. నీ చేతిలో ఉండాది."

జకరయ్య తల్లి వైపు తిరిగాడు. మిషను హోము వార్డెను మిషను ఇంటి అరుగు మీద కూచుని తవుడు పుచ్చుకుని పిల్లను అమ్మాలా అన్నాడు. సంఘం వాళ్లు వింటే ఉద్యోగం సంగతి తర్వాత, మొహం ఎక్కడ పెట్టుకోవాలన్నాడు. ఇట్లాంటివి వదలమనే గదా ఇన్నేళ్లూ ఊరూరా తిరిగి చెప్పింది అన్నాడు.

"రేపు సండే స్కూల్లో పిల్లలకు నేనేం చెప్పాలి?"

"నీ ముక్కుకు ఆ గుంట ఏందో చెప్పు."

"ఇది అమ్మవారి మచ్చ."

"అమ్మవారు పోస్తే ఒకే ఒక్క మచ్చ పడతాదా, అదీ కంసాలి పొడిచినట్టు?" ఏసుమణి గొంతు పెంచలేదు. "నీకు ముందు ఇద్దరు పోయినారు జకరయ్యా. అప్పుడు మనం ఏసుప్రభువు పేరు ఎరగం. నేనప్పుడు ఆదిశేషమ్మని. నిన్ను పక్కింటామెకు తవుడుకు ఇచ్చి ముక్కు కుట్టించినా. మనం బాప్తిస్మం తీసుకొనేదానికి ముందురోజు మళ్లీ కొనుక్కున్నా. పాదిరిగారికి చెప్పలా. మనది కాని బిడ్డను నీళ్లలో ఎట్ట ముంచేది?"

ప్రేమలీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మచ్చ గురించి ఆమెకు చెప్పిన కథ వేరు.

జకరయ్య చెయ్యి ముక్కు దాకా పోయి, మధ్యలో ఆగి, దిగిపోయింది. లోపలికి పోయాడు.

ప్రేమలీల వెనకాలే వెళ్లింది. అతను నాలుగో పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. పెట్టెలో మడతలు పెట్టిన గౌన్ల మీద ఒక ఫొటో. పొడుగాటి మనిషి, పక్కన నవ్వుతున్న ఆడమనిషి, ఆమె చేతిలో గుడ్డబొమ్మ. వీళ్లు కూడా ఎవరికీ అన్యాయం చేసినవాళ్లు కాదు.

పెరట్లో కుడితి ఆలస్యమైందని బర్రె అరిచింది.

"తప్పంటారా?" అంది ప్రేమలీల.

"నేను చెయ్యలేను లీలా." అతను ఫొటోను తిరగేసి పెట్టాడు. "నిన్ను చెయ్యొద్దని కూడా అనలేను."

"శిబిరంలో ఆ పిల్లను ఎత్తుకుంది నా చెయ్యే కదా."

ఆమె హోముకు పోయి లిల్లీని తీసుకువచ్చింది.

పిల్ల కాళ్లకు ఉన్ని మేజోళ్లు. ఎడమ చెయ్యి కదలకుండా ఒంటికి ఆనించి పట్టుకుంది. ప్రయాణానికి వెయ్యాల్సిన సూదులు నిన్ననే నలుగురికీ వేశారు, జబ్బ వాచింది. మెట్ల మీద కామమ్మను చూసి పిల్ల పరిగెత్తలేదు. పొద్దున విడిచిన మనిషి దగ్గరికి సాయంత్రం వచ్చినట్టు వచ్చి, పక్కన కూచుని, కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"కామమ్మా, నాకు మేజోళ్లిచ్చినారు," అంది.

కామమ్మ ఆ పిల్లను ముట్టుకోలేదు. చూసింది కూడా ఒక్కసారే.

ఏసుమణి చేట తెచ్చింది. బర్రె తవుడు డబ్బా కోసం లేవబోతుంటే కామమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపి, తన గంప దగ్గరికి లాక్కుంది. పైన గుడ్డ తీసింది. అందులో చేపలు లేవు. గంప సగానికి తవుడు.

పొద్దుటి నుంచీ ఆ గంప అక్కడే ఉంది. కొనుక్కోవడానికే వచ్చింది. ఎవరిని అడగాలో, ఈ ఇంట్లో అట్లాంటి మాట ఎట్లా ఎత్తాలో తెలియక కూచుంది.

కామమ్మ రెండు చేతులా తవుడు ఎత్తి చేట నింపింది. చేటను ప్రేమలీల ముందుకు జరిపింది. ప్రేమలీల అందుకుంది. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది.

"ఏమనాలి అత్తయ్యా?"

"తవుడు ముట్టింది, నీ బిడ్డను నువ్వు తీసుకో అను. అంతే. మంత్రాలేం లేవు."

గుమ్మం లోపల జకరయ్య నీడ కదిలింది. బయటికి రాలేదు. లోపలికీ పోలేదు.

"తవుడు ముట్టింది కామమ్మా," అంది ప్రేమలీల. "నీ బిడ్డను నువ్వు తీసుకో."

కామమ్మ వెంటనే కదల్లేదు. ఆ తర్వాత చాలా చిన్నగా, పక్కనున్నవాళ్లకు మాత్రమే వినబడేట్టు అంది.

"నా బిడ్డ."

అని, తన మాటే తనకు కొత్తగా వినబడినట్టు కాసేపు ఆగింది. "నా బిడ్డ. నా కుప్పమ్మ." పిల్లను ఒళ్లోకి లాక్కుంది. తల నిమిరింది, చెంప నిమిరింది, మెడ మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి ఆగింది. తర్వాత, నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది.

"ఒళ్లు కాలతా ఉండాది," అంది.

"అది సూది జ్వరం కామమ్మా," అంది ప్రేమలీల గబగబా. "నిన్న వేశాము కదా. నలుగురికీ వస్తుంది. రేపటికి తగ్గిపోతుంది."

"నేను ఆ మాట అన్నాక వచ్చిందా, ముందే ఉండాదా?"

ప్రేమలీల జవాబు చెప్పబోయింది. పొద్దున హోములో మిగతా ముగ్గురికీ ఆమె థర్మామీటరు పెట్టి చూసింది. ముగ్గురికీ జ్వరం ఉంది. లిల్లీ వంతు వచ్చేసరికి, మెట్ల మీద ఎవరో వచ్చి కూచున్నారని పిలుపు వచ్చి, చూడకుండానే లేచి వచ్చేసింది.

"ముందే ఉంది," అంది.

కానీ ఆ మాటకు ముందు ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం కామమ్మ చూసింది.

గేటు దగ్గర కారు హారను మోగింది.

హిల్డా దొరసాని అనుకున్నదానికన్నా ముందే వచ్చింది. ఎన్నో ఏళ్లుగా ఈ దేశంలో ఉన్న మనిషి. తెల్లటి గౌను దుమ్ముకొట్టుకుని ఉంది. చేతిలో గులాబీరంగు ఉన్ని కోటు, స్వీడన్‌లో లిల్లీ కోసం ఎదురుచూస్తున్న తల్లి తన చేతులతో అల్లి పంపినది. నవ్వుతూ మెట్ల దాకా వచ్చి, అక్కడ చేట, తవుడు, ఎవరో పల్లెమనిషి ఒళ్లో లిల్లీని చూసి ఆగింది.

జకరయ్య బయటికి వచ్చాడు. ఎప్పటిలా ఎదురెళ్లి కుర్చీ వెయ్యలేదు. భార్య చేతుల్లోంచి చేట తీసుకుని తనే పట్టుకున్నాడు.

"అమ్మా, ఈ పాప విషయంలో ఒక మాట ఉంది," అన్నాడు. "అది నేను చెబితే చెల్లదు. ఆమెనే అడగండి."

దొరసాని అతని మొహం చూసింది, చేట చూసింది. ఇంకేమీ ప్రశ్నించలేదు. కోటు చేతి మీద వేసుకుని, కామమ్మ ముందు వంగింది. తెల్లగౌను అంచు మెట్టు మీద పరుచుకుంది.

"అమ్మా," అంది, ఒక్కో మాటా పేర్చుకుంటూ. "ఈ పాప ఎవరి బిడ్డ?"

కామమ్మ కళ్లు ఆ తెల్లబట్ట మీదే ఉండిపోయాయి.

ఆమె కన్నా ముందు పిల్ల చెప్పింది. ఎవరైనా కొత్తవాళ్లు అడిగితే చెప్పమని మాటలు వచ్చిన నాటి నుంచీ నేర్పిన జవాబు, తడుముకోకుండా, బాగా చెప్పినందుకు ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చుట్టూ చూస్తూ.

"అంకాలమ్మ బిడ్డని. కుప్పలో దొరికినా."

దొరసాని తల ఎత్తి ప్రేమలీల వైపు చూసింది. ఆర్డరులో ఉన్నదీ అదే. ప్రేమలీల పెదవి కొరుక్కుంది. ఇప్పుడు ఎవరు ఏం చెప్పినా చాలదు, ఒక్క మనిషి తప్ప.

పిల్ల మళ్లీ నోరు తెరవబోయింది. కామమ్మ అరచేత్తో ఆ నోరు మెల్లగా మూసింది.

పిల్ల ఊపిరి ఆ అరచేతికి వేడిగా తగిలింది. అయినా చెయ్యి తియ్యకుండానే కామమ్మ తల ఎత్తింది.